ఇంటర్ పిల్లలకు పీజీ అన్నయ్యలు, అక్కయ్యలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

నాగార్జున యూనివర్సిటీలోనూ, విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల్లోనూ పీజీ, పీహెచ్‌డీ చేస్తూ సెలవు రోజుల్లో బస్తీ పిల్లలకు ఎంట్రన్సుల చదువు చెబుతున్నవాళ్లు ఉన్నారు. కొందరు స్వచ్ఛంద సంస్థల తరఫున, కొందరు ఏ కమ్యూనిటీ హాలో అడిగి తీసుకుని తమంతట తాము. ఈ నెల ప్రశ్నలన్నీ వాళ్లవి, వాళ్ల దగ్గర చదువుకునే పిల్లలవి, ఆ పిల్లల పెద్దవాళ్లవి. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాం.

ప్రశ్న: నేనూ మా క్లాస్‌మేటూ ఎమ్మెస్సీ మ్యాథ్స్. కృష్ణలంకలో ప్రతి ఆదివారం 22 మంది ఎంపీసీ పిల్లలకు లెక్కలు చెబుతున్నాం. క్లాసులో అడిగితే అందరూ అర్థమైందంటారు. వారం తిరిగి టెస్టు పెడితే సగం మందికి పదికి మూడు కూడా రావడం లేదు. లోపం ఎక్కడ?
– ఎమ్మెస్సీ విద్యార్థిని, నాగార్జున నగర్

జవాబు: మీరు ఎక్కువ చెబుతున్నారు. మన దగ్గర ఇంటర్ చదివే పిల్లాడు పొద్దుట్నుంచి చీకటి పడేదాకా బోర్డు వైపు చూస్తూనే ఉంటాడు. ఆదివారం వచ్చి ఇంకో రెండు గంటలు బోర్డు చూపిస్తే వాడికి కొత్తగా ఒరిగేదేమీ లేదు. పక్కన కూర్చుని తన నోట్‌బుక్‌లో ఏ లైను దగ్గర బండి ఆగిందో చూసే మనిషే వాడికి దొరకడు. సెక్షన్ నిండా పిల్లలున్న లెక్చరర్‌కి ఆ తీరిక ఉండదు. మీకు ఉంటుంది, సంఖ్య తగ్గిస్తే. ఒక్కొక్కరికి ఐదారుగురు మించకూడదు. కాబట్టి ఇంకో ఇద్దర్ని తోడు తెచ్చుకోండి, లేదా పదకొండు మంది చొప్పున రెండు బ్యాచ్‌లు చేయండి.

రెండు గంటల్ని ఇలా వాడండి. మొదటి 15 నిమిషాలు పుస్తకం మూసి ఐదు ప్రశ్నలు: రెండు పోయిన వారానివి, రెండు నెల కిందటివి, ఒకటి పదో తరగతిది. తర్వాత 20 నిమిషాలు బోర్డు మీద ఒకే ఒక్క విషయం, రెండు ఉదాహరణలు. ఆ పైన 55 నిమిషాలు పిల్లలు చేయాలి, మీరు తిరగాలి. ఎనిమిది లెక్కల షీటు చాలు. మొదటి మూడూ అందరికీ వచ్చేలా ఉండాలి, చివరి రెండూ బాగా చేసేవాళ్లని కూడా కాసేపు ఆపేలా ఉండాలి. తర్వాత 20 నిమిషాలు ఒకరిద్దరు పిల్లలు బోర్డు దగ్గరికొచ్చి మిగతావాళ్లకు చెప్పాలి. చివరి 10 నిమిషాలు తప్పుల పుస్తకానికి.

‘అర్థమైందా’ అనే మాట మానేయండి. దానికి మన పిల్లల దగ్గర ఒకే జవాబుంది. ‘మొదటి లైను ఏం రాస్తావు?’ అని అడగండి. అది కూడా నోటితో వద్దు, కాగితం మీద రాయించండి.

కాగితం ఎందుకంటే, ఈ లెక్క చూడండి: (ఎక్స్ – 2)(ఎక్స్ – 3) = 2. కుడివైపు సున్నా ఉన్నప్పుడు చేసే పద్ధతినే ఇక్కడా పట్టుకుని చాలామంది ‘ఎక్స్ – 2 = 2, ఎక్స్ – 3 = 2’ అని రాసి 4, 5 అంటారు. అసలు జవాబు 1, 4. కుండలీకరణాలు విప్పి, ఎక్స్ స్క్వేర్ – 5 ఎక్స్ + 4 = 0 చేస్తే వస్తుంది. గమ్మత్తేమిటంటే తప్పు దారిలోనూ 4 వచ్చింది. బిట్ పేపర్లో ‘కింది వాటిలో ఒక రూట్ ఏది’ అని అడిగి ఆప్షన్లలో 4 ఇచ్చి 5 ఇవ్వకపోతే ఆ పిల్లాడికి మార్కు పడిపోతుంది, తప్పు అలాగే లోపల ఉండిపోతుంది. ఆప్షన్లు మాత్రమే దిద్దే టెస్టు ఇలాంటి చోట ఈ తప్పును పట్టుకోలేదు. అందుకే వారంలో కనీసం ఒక్క షీటైనా ఆప్షన్లు లేకుండా ఇవ్వండి.

తప్పుల పుస్తకంలో ప్రతి తప్పు పక్కనా అది ఏ రకమో రాయించండి. నాలుగు రకాలు చాలు: విషయమే తెలియదు, తెలుసు గానీ సమయానికి గుర్తు రాలేదు, లెక్క చేయడంలో జారింది, ప్రశ్న తప్పుగా చదివాడు. మొదటి రకానికి మీరు మళ్లీ చెప్పాలి. రెండో రకానికి చెబితే లాభం లేదు, మూడు రోజులకు, పది రోజులకు, నెలకు అదే తరహా ప్రశ్న మళ్లీ మళ్లీ ఇవ్వాలి. మూడోదానికి రఫ్ వర్కు వరుసగా, ఒక లైను కింద ఒక లైను రాయించాలి; అంకెలు మూలమూలలా గిలికే పిల్లలకే ఇది ఎక్కువ. నాలుగోదానికి ప్రశ్నలో ఏం అడిగారో దాని కింద గీత గీయించాలి. ‘సిల్లీ మిస్టేక్ సార్’ అనే ఐదో రకాన్ని మాత్రం ఒప్పుకోవద్దు. అడిగి చూస్తే అది ఈ నాలుగింటిలో ఒకటి అయి తీరుతుంది.

కార్యక్రమం మొదలుపెట్టే ముందు 20 ప్రశ్నల చిన్న పరీక్ష ఒకటి పెట్టాల్సింది; ఇప్పుడైనా పెట్టండి. భిన్నాలు, మైనస్ గుర్తులు, ఘాతాంకాలు, కారణాంకాలు, నిష్పత్తి, గ్రాఫు చదవడం. అన్నీ 8, 9, 10 తరగతులవే. ట్రిగొనామెట్రీ రావట్లేదని వచ్చిన అమ్మాయికి నిజానికి రానిది రెండు భిన్నాలు కూడటం కావచ్చు.

తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలుంటే ఇంకో షీటు కావాలి. ‘అట్ లీస్ట్’, ‘అట్ మోస్ట్’, ‘రెస్పెక్టివ్లీ’, ‘డిస్టింక్ట్’, ‘ఇఫ్ అండ్ ఓన్లీ ఇఫ్’ లాంటివి ఒక ముప్పై మాటలు, పక్కన తెలుగు, పక్కన ఒక చిన్న లెక్క. ప్రాబబిలిటీలో ‘అట్ లీస్ట్ టూ’ అంటే రెండు మాత్రమే అనుకుని చేసిన పిల్లాడు లెక్కలో తప్పలేదు, మాటలో తప్పాడు.

ప్రశ్న: ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఏడుగురికి ఈఏపీసెట్, జేఈఈ మెయిన్ రెండూ చెబుతున్నాను. ఇంట్లో చాప్టర్లవారీ టెస్టుల్లో బాగా చేసేవాళ్లు సిలబస్ అంతా కలిపి పెట్టే గ్రాండ్ టెస్టుకొచ్చేసరికి చతికిలబడుతున్నారు. తెలియని ప్రశ్నకు ఏదో ఒకటి పెట్టాలా, వదిలేయాలా అని రోజూ వాదన.
– రీసెర్చ్ స్కాలర్, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. చాప్టర్లవారీ టెస్టులో పేజీ పైనే సూత్రం పేరు రాసి ఉన్నట్టు లెక్క. వాలుతలం మీంచి దిమ్మ జారుతోంది అనే ప్రశ్న ‘వర్క్, ఎనర్జీ’ షీటులో ఉంటే పిల్లాడు ఆలోచించకుండా శక్తి నిత్యత్వం వాడతాడు. అదే గ్రాండ్ టెస్టులో వస్తే ముందు ఏ దారో తేల్చుకోవాలి. అడుగుకు చేరేసరికి వేగం ఎంత అంటే శక్తి దారి దగ్గర. ఎంతసేపు పట్టింది అంటే త్వరణం కట్టాల్సిందే. ఈ తేల్చుకోవడం ఎక్కడా అలవాటు కాలేదు. కాబట్టి అక్టోబరు నుంచి మీ షీట్లలో చాప్టర్లు కలిపేయండి. ఒక్కోసారి లెక్క చేయించకుండా, 15 ప్రశ్నలిచ్చి ‘ఏ సూత్రం, ఎందుకు’ అని మాత్రమే రాయించండి. పావుగంటలో అయిపోతుంది. మార్కులు మొదట్లో పడిపోతాయి, పిల్లలకు ఆ మాట ముందే చెప్పి ఉంచండి.

ఇక సమయం. ఈఏపీసెట్ ఇంజనీరింగ్‌లో 160 ప్రశ్నలు, మూడు గంటలు: లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. అంటే ప్రశ్నకు 67 సెకన్లు. మేం చెప్పే కొలత: కెమిస్ట్రీ ముందు 25 నిమిషాల్లో, లెక్కలు 95, ఫిజిక్స్ 45, తిరిగి చూడటానికి 15. ఎవరికి ఏది బలమో చూసి ఐదు పది నిమిషాలు అటూ ఇటూ చేసుకోవచ్చు గానీ, పరీక్ష హాల్లో కూర్చుని మార్చుకోకూడదు. 40 సెకన్లలో మొదటి లైను పడకపోతే రివ్యూ గుర్తు పెట్టి ముందుకు పోవడమే. రఫ్ కాగితం మీద ప్రశ్న నంబరు వేసి చేయడం నేర్పండి. రెండో చుట్టులో వచ్చినప్పుడు మళ్లీ మొదట్నుంచి చేయనక్కర్లేదు. రెండు పరీక్షలూ కంప్యూటర్ మీదే కాబట్టి, ఏడుగురిలో ఎవరికీ ఇంట్లో కంప్యూటర్ లేకపోతే మీ ల్యాప్‌టాప్‌లోనైనా ఒక్కొక్కరితో మూడు నాలుగు మాక్ టెస్టులు రాయించండి. తెర మీద చదివి కింద కాగితం మీద దించుకునేటప్పుడే 6 కాస్తా 8 అవుతుంది.

వదిలేయాలా అన్నదానికి రెండు పరీక్షలకూ ఒకే జవాబు లేదు. ఈఏపీసెట్‌లో మైనస్ మార్కులు లేవు. ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు, చివరి మూడు నిమిషాలు దానికే కేటాయించండి. జేఈఈ మెయిన్‌లో 75 ప్రశ్నలు, 300 మార్కులు, తప్పుకు ఒక మార్కు పోతుంది. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా పెడితే సగటున పావు మార్కు లాభమే వస్తుంది, కాదనలేం. కానీ అలా పది ప్రశ్నలకు పెడితే సగానికి పైగా సందర్భాల్లో చివరికి మిగిలేది సున్నా, లేదంటే నష్టం. ఒక ఆప్షన్ కచ్చితంగా కాదని తెలిస్తే ఆలోచించండి, రెండు కొట్టేయగలిగితే తప్పకుండా పెట్టండి. సబ్జెక్టుకు ఐదు చొప్పున ఉండే న్యూమరికల్ ప్రశ్నలకు ఊహ పనికిరాదు. వాటికీ మైనస్ ఉంది. 2025 నుంచి వాటిలో చాయిస్ కూడా తీసేశారు, పాత పేపర్లు చేయించేటప్పుడు గమనించుకోండి.

ఇంకో మాట. ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ గ్రూపు మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది. జనవరి వచ్చాక పబ్లిక్ పరీక్షల థియరీ పక్కన పెట్టి బిట్లు చేయించే మెంటార్ పిల్లల ర్యాంకును తన చేతులతోనే వెనక్కి నెడుతున్నట్టు.

ప్రశ్న: నేను సీనియర్ ఇంటర్. మా బస్తీకి వచ్చి చెప్పే సార్ నాకంటే ఐదేళ్లే పెద్ద. సార్ అనాలా, అన్నా అనాలా? డౌట్ అడిగితే ఇంత చిన్నది రాదా అనుకుంటారేమోనని అడగను.
– ఇంటర్ విద్యార్థి, అజిత్‌సింగ్‌నగర్

జవాబు: అన్నా అను, ఏం ఫరవాలేదు. వాళ్లకీ అదే ఇష్టం. డౌట్‌కి మాత్రం ఒక పద్ధతి పెట్టుకో: ఖాళీ కాగితంతో వెళ్లకు. నీకు వచ్చినంతవరకు చేసి, ఆగిపోయిన లైను పక్కన చుక్క పెట్టి, ‘ఇక్కడిదాకా వచ్చింది, ఇక్కడ్నుంచి రావట్లేదు అన్నా’ అను. అలా అడిగినవాణ్ణి ఎవరూ తక్కువగా చూడరు. మొదటి లైనే రాకపోతే ప్రశ్నలో ఇచ్చినవేమిటి, అడిగిందేమిటి అని రెండు వరుసలు రాసుకుని వెళ్లు. నాలుగింట ఒకటి ఆ రాయడంలోనే తేలిపోతుంది.

ప్రశ్న: మాది ప్రభుత్వ జూనియర్ కాలేజీ. ఆరుగురు పీజీ విద్యార్థులు వారానికి రెండు సాయంత్రాలు వచ్చి ఉచితంగా చెబుతామంటున్నారు. మా దగ్గర ఆడపిల్లలే ఎక్కువ. సరేననే ముందు ఏమేం చూసుకోవాలి?
– లెక్చరర్, విజయవాడ

జవాబు: మంచి మనసుతో వచ్చేవాళ్లను అనుమానించినట్టు ఉంటుందని చాలా కాలేజీలు ఏ కాగితమూ అడగవు. అడగండి. వాళ్ల డిపార్ట్‌మెంట్ హెడ్ నుంచి ఉత్తరం, ఐడీ కార్డు నకలు, ఏ రోజు ఏ సబ్జెక్టు ఎవరు అనే పట్టిక. పిల్లల తల్లిదండ్రుల సంతకంతో అంగీకార పత్రం. వచ్చిన టైము, వెళ్లిన టైము రాసే రిజిస్టరు.

గది గ్రౌండ్ ఫ్లోర్‌లో, తలుపులు తీసి ఉండాలి. ఏ సాయంత్రమైనా ఇద్దరికి తక్కువ కాకుండా మెంటార్లు, అందులో ఒకరు అమ్మాయి. మీ స్టాఫ్‌లో ఒకరు ఆవరణలో ఉండాలి. సాయంత్రం ఆరున్నరకు ముగించండి, సిటీ బస్సులు దొరికే వేళకు. మెంటార్ ఏ పిల్లతోనూ, పిల్లాడితోనూ విడిగా ఫోన్ చాట్ చేయకూడదు. మీరు అడ్మిన్‌గా ఉన్న గ్రూపులోనే డౌట్లు. బండి మీద దింపడాలు వద్దు, ఫొటోలు స్టేటస్‌లో పెట్టడాలు వద్దు, డబ్బు ఇచ్చిపుచ్చుకోవడాలు అసలే వద్దు. ఇవి మెంటార్‌కి కూడా రక్షణే. మొదటి రోజే అందరి ముందూ చదివి వినిపించండి.

పిల్లలు తమకంటే కొంచెమే పెద్దవాళ్లకు మనసులో మాట చెప్పేస్తారు. అక్కడే మెంటార్లు తడబడతారు. ‘ఎవరికీ చెప్పనని ఒట్టేయి అక్కా’ అంటే ఒట్టు వేయకూడదు. ‘నీ మేలు కోసం చెప్పాల్సినవాళ్లకు మాత్రమే చెబుతాను’ అనాలి. 18 ఏళ్లలోపు పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిసినా, జరగవచ్చని అనిపించినా పోలీసులకు తెలియజేయాలని 2012 నాటి పోక్సో చట్టం చెబుతోంది. అది మెంటార్‌కీ వర్తిస్తుంది, మీకూ వర్తిస్తుంది. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098. చదువు ఒత్తిడితో పిల్ల నిద్ర, తిండి మానేసినా, ‘నేను లేకపోతే అందరికీ హాయి’ లాంటి మాటలు అన్నా, ఒంటరిగా వదలకుండా ఇంట్లో పెద్దవాళ్లకు అప్పగించి, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయించండి. అది ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఇంటర్ ఫలితాలు వచ్చే వారం మీ మెంటార్లకు సెలవు ఇవ్వకండి. ఆ వారం పాఠం ఉండదు, తప్పినవాళ్లకు ఫోన్ చేసి సప్లిమెంటరీ ఫీజు గడువు చెప్పడం, పక్కన కూర్చోవడం, అంతే పని.

ప్రశ్న: ఎంటెక్ చేస్తూ మూడు చోట్ల చెబుతున్నాను. ప్రాజెక్టు వెనకబడింది. వారానికి ఎన్ని గంటలు న్యాయం?
– ఎంటెక్ విద్యార్థి, గుంటూరు

జవాబు: రెండు గంటల సెషన్‌కి షీటు తయారుచేయడానికి రెండు గంటలు, దిద్దడానికి ఒకటి వేసుకోండి. రానుపోను కలిపితే ఆరు. ఒక్కచోటే ఉండండి. మూడుచోట్ల దిద్దకుండా చెప్పేదానికన్నా ఒకచోట దిద్ది చెప్పేది పిల్లలకే లాభం. మీ సెమిస్టర్ పరీక్షల తేదీలు ముందే సంస్థకు ఇచ్చి, ఆ రెండు వారాలకు మారు మనిషిని చూడండి. చెప్పాపెట్టకుండా మానేసిన మెంటార్ తర్వాత వచ్చేవాణ్ణి పిల్లలు నమ్మడానికి నెల పడుతుంది.

ప్రశ్న: మా అక్క అమెరికాలో పీహెచ్‌డీ చేస్తూ ‘అప్‌వార్డ్ బౌండ్’ అనే కార్యక్రమంలో హైస్కూలు పిల్లలకు పాఠాలు చెబుతోంది. అదేమిటి? మన దగ్గర అలాంటిది నడపొచ్చా?
– పాఠకుడు, పటమట

జవాబు: అమెరికాలో 1964 నాటి ఎకనామిక్ ఆపర్చ్యునిటీ చట్టం కింద మొదలైన ప్రభుత్వ కార్యక్రమం అది. ‘ట్రియో’ అనే కుటుంబంలో మొదటిది. తక్కువ ఆదాయం ఉన్న, ఇంట్లో తల్లిదండ్రులెవరూ డిగ్రీ పూర్తిచేయని హైస్కూలు పిల్లలకోసం పెట్టారు. చేర్చుకునేవాళ్లలో కనీసం మూడింట రెండు వంతుల మందికి ఈ రెండు లక్షణాలూ ఉండాలి. యూనివర్సిటీలు, కాలేజీలే చాలాచోట్ల నడుపుతాయి. బడి జరిగే రోజుల్లో ట్యూటరింగ్, వేసవిలో సాధారణంగా ఆరు వారాలు కాలేజీ క్యాంపస్‌లో చదువు. లెక్కలు, సైన్సు, రాయడం, వాటితోపాటు కాలేజీ దరఖాస్తులు, ఆర్థిక సహాయం ఫారాలు నింపడం కూడా పాఠంలో భాగమే. మీ అక్కలాంటి విదేశీ విద్యార్థులకు సెమిస్టర్ నడిచే రోజుల్లో క్యాంపస్ పని వారానికి 20 గంటలు మించకూడదు.

డబ్బు సంగతి అలా ఉంచితే, అక్కణ్ణుంచి తీసుకోదగ్గది ఆ వేసవి. మన దగ్గర పదో తరగతి పరీక్షలైన దగ్గర్నుంచి ఇంటర్ క్లాసులు ఊపందుకునేదాకా దొరికే వ్యవధిలో నాలుగు వారాల బ్రిడ్జి కోర్సు పెట్టవచ్చు. రోజుకు మూడు గంటలు, ఎండ ముదరకముందే, ఉదయం 7 నుంచి 10. గంట బీజగణితం, గంట ఇంగ్లిష్‌లో సైన్సు పేజీ చదివి తెలుగులో తిరిగి చెప్పించడం, గంట ల్యాబ్ చూపించడమో కాలేజీ, హాస్టల్ విషయాలు మాట్లాడటమో. వారానికోసారి ఏదైనా క్యాంపస్‌కు తీసుకెళ్లండి. ఇంట్లో ఎవరూ డిగ్రీ చదవని పిల్లకు యూనివర్సిటీ లైబ్రరీలో ఓ గంట కూర్చోవడం ఏ మోటివేషన్ క్లాసుకన్నా ఎక్కువ పని చేస్తుంది. మోటివేషన్ స్పీకర్లను పిలిచే డబ్బుంటే జిరాక్సులకు వాడండి.

ప్రశ్న: మా అమ్మాయి మున్సిపల్ హైస్కూల్లో పదో తరగతి. ట్యూషన్ చెప్పే పీజీ అమ్మాయి పాలిటెక్నిక్ ఎంట్రన్స్ పాలిసెట్ రాయించమంటోంది, మా ఆయన ఇంటర్ అంటున్నారు.
– గృహిణి, పాత గుంటూరు

జవాబు: పాలిసెట్ రాయించండి, రాసినంత మాత్రాన చేరాలని లేదు. 120 ప్రశ్నలు, రెండు గంటలు: లెక్కలు 50, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 30. సిలబస్ పదో తరగతిదే. మూడేళ్ల డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. మార్కులు బాగా వస్తాయనుకుంటే నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీలకూ దరఖాస్తు చేయించండి. ఆరేళ్ల చదువు, ప్రవేశం పదో తరగతి మార్కుల మీద, ప్రభుత్వ బడుల పిల్లలకు కొంత అదనపు స్కోరు ఉంటుంది. హాస్టల్‌లో ఉండగలదా అన్నది అమ్మాయినే అడగండి. ఇంట్లో ఎనిమిదో తరగతి పిల్లలెవరైనా ఉంటే ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష వదులుకోవద్దు: ఎంపికైతే 9 నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు, కుటుంబ ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు.

ప్రశ్న: ఎం.ఏ. ఎకనామిక్స్ చదువుతున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లు సీఈసీ, హెచ్‌ఈసీ పిల్లలు. వాళ్లకు ఎంట్రన్సులేం ఉంటాయి అని అందరూ తేలిగ్గా తీసేస్తున్నారు.
– విద్యార్థి, విజయవాడ

జవాబు: తేలిగ్గా తీసేసేవాళ్లకు తెలియక. 2022 నుంచి సెంట్రల్ యూనివర్సిటీల డిగ్రీ సీట్లకు సీయూఈటీ అనే ఉమ్మడి ఎంట్రన్స్ ఉంది. హైదరాబాద్ యూనివర్సిటీ ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎం.ఏ. కూడా ఆ దారిలోనే. ఒక్కో పేపరు 50 ప్రశ్నలు, 60 నిమిషాలు, సరైనదానికి 5, తప్పుకు మైనస్ 1. ఐదు పేపర్ల దాకా రాయవచ్చు. భాష పేపరుగా తెలుగు ఎంచుకునే వీలుంది. అయితే ముందు యూనివర్సిటీ పేజీ చూసి, ఆ కోర్సుకు ఏ పేపర్లు అడిగారో దాన్నిబట్టి ఎంచుకోవాలి. పేపర్లు తోచినట్టు ఎంచుకుని తర్వాత కోర్సుకు అర్హత లేదని తెలుసుకునేవాళ్లే ఎక్కువ. సిలబస్ ఎన్‌సీఈఆర్‌టీ 12వ తరగతిది కాబట్టి మన ఇంటర్ పుస్తకంతో పక్కపక్కన పెట్టి, లేని పాఠాల జాబితా మీరు తయారుచేసి ఇవ్వండి. ఎకనామిక్స్ మీ చేతిలో పని. లా మీద మనసున్నవాళ్లకు ఐదేళ్ల కోర్సుకు లాసెట్: 120 ప్రశ్నలు, 90 నిమిషాలు. రోజూ ఒక దినపత్రిక సంపాదకీయం చదివించి ఐదు వాక్యాల్లో తిరిగి రాయించండి, రెండింటికీ పనికొస్తుంది.

ప్రశ్న: ఈఏపీసెట్ అయ్యాక వెబ్ ఆప్షన్లు, అంటే కావలసిన కాలేజీలు ఆన్‌లైన్‌లో వరుసగా పెట్టడంలో పిల్లలకు సాయం చేయమంటున్నారు. పోయినసారి మంచి ర్యాంకు వచ్చిన పిల్లకు సీటే రాలేదట. ఎలా చేయాలి?
– ఎంబీఏ విద్యార్థిని, కానూరు

జవాబు: ఏం జరిగిందో మీరు రాయలేదు గానీ, ఇలాంటివాటిలో చాలావరకు రెండే కారణాలు: పది కాలేజీలు పెట్టి ఆగిపోవడం, లేదా పెట్టినవి సేవ్ చేయకుండా బయటికి వచ్చేయడం.

ముందు కాగితాలు, ఏప్రిల్‌లోనే. 6వ తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ, కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ. బడి మారుతూ వచ్చిన పిల్లలకు స్టడీ సర్టిఫికెట్ల దగ్గరే ఆలస్యం అవుతుంది. ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడిన వర్గాల కోటా) పత్రం ఆ ఆర్థిక సంవత్సరానిదే చెల్లుతుంది, మార్చిలో తీసుకున్నది జూన్‌లో పనికిరాదు. ఆధార్‌లో పేరు, మెమోలో పేరు అక్షరం అక్షరం సరిచూడండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట పొడి అక్షరం, అలాంటివి సచివాలయానికి పంపి ముందే సరిచేయించుకోవాలి.

తర్వాత నిరుటి ఆఖరి ర్యాంకుల పట్టిక. కాలేజీ, బ్రాంచి, కులం, అమ్మాయా అబ్బాయా, ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ) ప్రాంతమా శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ (ఎస్‌వీయూ) ప్రాంతమా, అన్నీ సరిపోయే గడి చూడాలి. కృష్ణా, గుంటూరు ఏయూ కింద వస్తాయి. పిల్ల ర్యాంకుకు కొంచెం అందనివి, సరిపోయేవి, కచ్చితంగా వచ్చేవి, మూడు రకాలూ కలిపి నలభై యాభై తగ్గకుండా కాగితం మీద రాయండి. వరుస మాత్రం పూర్తిగా ఇష్టాన్నిబట్టే. ‘పైన పెద్ద కాలేజీ పెడితే కిందివి పోతాయి’ అనే భయం ఉత్తదే. పై నుంచి చూసుకుంటూ వచ్చి, ర్యాంకుకు దొరికే మొదటి ఆప్షన్ ఇస్తారు. వచ్చేదాన్ని పైన పెట్టి, కోరుకున్నదాన్ని కింద పెడితే కోరుకున్నది దొరికే ర్యాంకు ఉన్నా ఇవ్వరు. చేరడానికి ఏమాత్రం ఇష్టం లేని కాలేజీని జాబితా నింపడానికి పెట్టవద్దు, అదే రావచ్చు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆధారపడేవాళ్లకు ఒక హెచ్చరిక: అది కన్వీనర్ కోటా సీటుకే, అంటే కౌన్సెలింగ్‌లో వచ్చినదానికే. కౌన్సెలింగ్ కాకముందే ఫోన్ చేసి సీటు ఇస్తామనే కాలేజీలు మేనేజ్‌మెంట్ కోటా గురించి మాట్లాడుతున్నాయేమో అడిగి తెలుసుకోండి.

కీబోర్డు ముందు పిల్ల కూర్చోవాలి, మీరు పక్కన. పాస్‌వర్డు, ఓటీపీ మీరు తీసుకోవద్దు. ఓటీపీ వచ్చే ఫోన్ ఇంట్లో నాన్న దగ్గర ఉంటే, ఆయన పనికి వెళ్లే వేళ కాకుండా చూసుకుని కూర్చోండి. పెట్టాక సేవ్ చేసి, ప్రింటు తీసి, కాగితం మీది జాబితాతో ఒక్కో వరుసా పోల్చి, ఆ తర్వాతే ఫ్రీజ్ చేయించండి. కాలేజీ కోడ్‌లో ఒక్క అక్షరం తేడాతో వేరే జిల్లా కాలేజీ వచ్చేస్తుంది.